బూజుకి మండె కట్టిన పిల్ల

ఆ రోజుల్లో బూజు అంటే దులిపేదే గాని పెంచేది కాదు. ఆవకాయ జాడీలో కనిపిస్తే జాడీ కడిగినవాళ్ళని తిట్టేవారు, గోడ మీద కనిపిస్తే వానని తిట్టేవారు, అప్పడాల మీద కనిపిస్తే వాటిని ఎండలో పడేసి కోడలిని తిట్టేవారు. ఇప్పుడు కైకలూరులో చేపల మేత అమ్మే కొట్టుకి వెళితే, చెరువు అడుగున పేరుకున్న చెత్తని అరిగించే మందు అని పొట్లాలు చూపిస్తున్నారు. పొట్లం వెనక ఉన్న చిన్న అక్షరాలన్నీ చదివితే (నేను చదువుతాను, భూతద్దం పెట్టుకుని, అడ్రసుతో సహా) అందులో ఉన్నది బూజు వదిలిన ఊటేనని తెలుస్తుంది. "ఎంజైమండి మామ్మగారూ, కొత్తగా వచ్చింది" అన్నాడు మొన్న కొట్టాయన. కొత్తేమీ కాదు నాయనా, దాని తాతముత్తాతల్ని చేజేతులా ఉడకబెట్టిన మనిషి నీ ఎదురుగానే నిలబడి ఉంది అని నేను అతనితో చెప్పలేదు. మీతో చెబుతాను.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళ నాలుగు నెలలు. వృక్షశాస్త్రం చదివి డిగ్రీ పూర్తిచేశాను. మాది పెంటపాడు దగ్గర వరి పండించుకునే ఇల్లు. ఏలూరులో మా పెద్దమ్మగారింట్లో ఉండి, ఒక కలప డిపో వెనక రేకుల షెడ్డులో నడిచే రెండు గదుల పరిశోధనశాలలో పనికి వెళ్ళేదాన్ని. ఏజెన్సీ అడవుల నుంచి దుంగలు లారీల మీద ఆ డిపోకి వచ్చేవి. దుంగలు అమ్ముడుపోయేవి, వాటితో వచ్చిన బెరడు, కొమ్మల కొసలు, రంపపు పొట్టు కుప్పలుగా మిగిలిపోయి, చివరికి ఎవరో ఒకరు అగ్గిపుల్ల గీసేవారు. ఆ పొగ చూసి ఓర్వలేనివారు మా డాక్టరుగారు. మందులిచ్చే డాక్టరు కారు, చదివిన డాక్టరు. డిపో కూలీలు మాత్రం ఆయనని "బూజు డాక్టరుగారు" అనేవారు, ఎంతో మర్యాదగా.

ఆయన పట్టుదల ఒక్కటే. అడవిలో పడిపోయిన మానుని మట్టిగా మార్చేది ఎవరు? బూజు. అయితే ఆ బూజుని పట్టుకుని ఈ కుప్పల మీదకి తోలితే, కాల్చే చెత్త మెత్తటి ఎరువై చేలకీ చెరువులకీ పోతుంది కదా అని. మొదటి రోజు నాకు పాఠం ఇలా చెప్పారు: "అమ్మాయీ, దీనికి నోరు లేదు, పళ్ళు లేవు, కడుపు లేదు. ఉన్నదల్లా ఊట. దాన్ని చెక్క మీద వదులుతుంది. చెక్కలో నారని పట్టి ఉంచే జిగురుని ఆ ఊట కరిగిస్తుంది. మనం తిని అరిగించుకుంటాం, ఇది ముందు అరిగించి తరవాత తింటుంది. ఎవరు తెలివైనవాళ్ళో నువ్వే చెప్పు." నేను పుస్తకంలో రాసుకుంటుంటే, గుమ్మం దగ్గర చీపురు పట్టుకున్న చేపల పిన్ని అంది: "పళ్ళూడిపోయిన మా అత్త జంతిక నానబెట్టుకుని తింటదండి. మరి ఆవిడా తెలివైందేనాండీ?" డాక్టరుగారు ఒక క్షణం ఆలోచించి, "ఆ, అదే సూత్రం" అన్నారు. ఆయన ఎవరి మాటనీ తేలిగ్గా తీసిపారేసేవారు కాదు. ఇది ఆయనలో నాకు కనిపించిన మొదటి గొప్ప.

చేపల పిన్ని సంగతి చెప్పాలి. ఆవిడ నాకు చుట్టం కాదు. కొల్లేటి ఒడ్డున చేపలు పట్టే కుటుంబం, మా షెడ్డులో ఊడ్చే పని. (బూజు పెంచేచోట ఊడ్చే మనిషి ఏమిటని ఆవిడే నవ్వేది. "ఏది ఊడవాలో ఏది ఊడవకూడదో చెప్పి చావండి బాబూ, తప్పు ఊడిస్తే నా ఉద్యోగం ఊడుద్ది" అనేది.) మా దగ్గర ఉన్న బూజుకి పుట్టిల్లు వాళ్ళ నాన్న దోనె. కొల్లేటిలో తాటి మానుని తొలిచి దోనెలు చేస్తారు. తాటి చేవ గొడ్డలికే లొంగదు. అలాంటి దోనె నీళ్ళలో ఉన్నంతమేరా చెడదు, ఎండలో ఉన్నంతమేరా చెడదు, నీరూ గాలీ కలిసే గీత దగ్గర మాత్రం మెత్తబడుతుంది. మూడేళ్ళుగా అడవులు పట్టి తిరుగుతున్న డాక్టరుగారికి ఈ మాట చెప్పింది ఆ పెద్దాయన. "మా నాన్న కొత్త దోనె చూపిత్తానన్నాడండి. వద్దండి, కుళ్ళింది చూపించండి అన్నారండి ఈయన. కుళ్ళినచోట గోటితో గీకి, వాసన చూసి, మిఠాయి దొరికినట్టు నవ్వారండి. ఎండదెబ్బేమోనని మా అమ్మ మజ్జిగిచ్చిందండి" అని పిన్ని చెప్పేది. ఆ ముక్కని తన కండువాలో చుట్టుకుని, బస్సులో వొళ్ళో పెట్టుకుని తెచ్చారట. పసిపిల్లకైనా సీటు ఇవ్వని బస్సులో బూజుకి సీటు దొరికింది.

నేను చేరిన నాలుగో నెల, పుష్యమాసం. బెరడు, కొమ్మల ముక్కలు, పొట్టు, కాస్త తవుడు కలిపి తడిపి, పన్నెండు గోనెసంచుల్లో నింపి, ఒక్కొక్కదానిలో బూజు విత్తనం కలిపాం. వరసకి మూడు చొప్పున నాలుగు వరసలు. ఇంతలో కబురు వచ్చింది. షెడ్డు గదులు డిపోకి కావాలట. కలప పెట్టుకోవడానికి చోటు చాలడం లేదట. పెద్ద ఆఫీసరుగారు వచ్చే గురువారం స్వయంగా వచ్చి చూస్తారు, చెక్క ముక్కలో గోరు దిగితే గదులు డాక్టరుగారివి, దిగకపోతే డిపోవి. ఈ మాట విన్న రోజు డాక్టరుగారు రాసుకునే పెన్నుకి మూత పెట్టడం మరిచిపోయి జేబు తడుపుకున్నారు. అప్పటికే ఒప్పుకున్న పని ఒకటి ఏజెన్సీలో ఉండి బుధవారం సాయంత్రం బయలుదేరుతూ నన్ను పిలిచారు.

"నువ్వు చెయ్యాల్సినవి రెండే అమ్మాయీ. చూడు, రాయి. మూడోది ఏదైనా చెయ్యాలనిపిస్తే చేతులు కట్టుకుని కూర్చో."

"సరేనండి."

"చేతులు కట్టుకుని ఎలా రాస్తావని అడగవేం?"

(అదీ పుస్తకంలో రాసుకున్నాను.)

మూడు థర్మామీటర్లు: ఒకటి నడుమనున్న ఏడో సంచిలో, ఒకటి చివరనున్న పన్నెండో సంచిలో, ఒకటి గోడకి. పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా రెండు గంటలకొకసారి, అంటే రోజుకి ఆరుసార్లు. గురువారం నుంచి సోమవారం దాకా అయిదు రోజులు. మూడు ఆరులు పద్దెనిమిది, అయిదు పద్దెనిమిదులు తొంభై. తొంభై అంకెలు రాయడమే నా ఉద్యోగ ధర్మం. గురువారం పద్దెనిమిదీ రాశాను. గోడ ఇరవై మూడు, సంచులు ఇరవై నాలుగు. సంచి మీద చెయ్యి వేస్తే చల్లగా, తడిసిన కుక్క ముక్కులా ఉంది. లోపల తెల్లదనం నూలుపోగంతైనా పాకలేదు. ఆఫీసరుగారు వచ్చే గురువారానికి ఇక వారమే ఉంది. నాకు నిద్ర పట్టలేదు అంటే అతిశయోక్తి, పట్టింది గాని కలలో గోళ్ళు విరిగాయి.

ఇక్కడ మా వరి ఇళ్ళ సంగతి ఒకటి చెబితే గాని నా బుద్ధి మీకు అర్థం కాదు. నారుమడికి ముందు మా నాన్నగారు మండె కట్టేవారు. విత్తనాలు నానబెట్టి, గోనెసంచుల్లో వేసి, గడ్డి పరిచి దాని మీద దగ్గర దగ్గరగా పేర్చి, పైన మళ్ళీ గడ్డి కప్పి, బరువు పెట్టి, చలిగా ఉంటే గోరువెచ్చని నీళ్ళు చిలకరించేవారు. ఆ వెచ్చదనానికి రెండు రోజుల్లో తెల్లటి మొలకలు ముక్కులు బయటపెట్టేవి. చల్లగా పడున్న సంచి, లోపల రావలసిన తెల్లదనం, ముంచుకొస్తున్న గడువు. మా ఇంట్లో అయిదేళ్ళ పిల్లని అడిగినా దీనికి మందు చెబుతుంది. డిగ్రీ చదివిన నేను చెప్పనా?

శుక్రవారం పొద్దున్న ఎనిమిది గంటల అంకెలు రాసి, పెన్సిలు చెవి మీద పెట్టుకుని, "పిన్నీ, గడ్డి ఎక్కడ దొరుకుతుంది?" అన్నాను.

"డిపో ఎడ్ల దగ్గరండి. ఎందుకండీ? డాక్టరుగారు ఏం ముట్టుకోవద్దన్నారు కదండీ?"

"ముట్టుకోవడం కాదు పిన్నీ, కప్పడం."

"ఓహో, చదువుకున్నోళ్ళకి అవి వేరువేరేమోనండి" అంటూనే రెండు మోపులు తెచ్చింది. ఇద్దరం కలిసి పన్నెండు సంచులూ ఒక్కచోటికి జరిపి, ఏడోది నట్టనడుమ, పన్నెండోది ఒక చివర వచ్చేలా పేర్చి, గడ్డి కప్పి, పైన పదకొండు ఇటుకలు పెట్టాం. పన్నెండో ఇటుక దొరకలేదు. అందువల్ల ఆ చివర సంచి మీద బరువు లేదు, గడ్డి కూడా అరకొరగానే వచ్చింది. నాలుగు చెంబుల గోరువెచ్చని నీళ్ళు చిలకరించాం. సాయంత్రం ఆరింటికి ఏడో సంచి ఇరవై తొమ్మిది. నేను పిన్నికి థర్మామీటరు చూపించి, మా నాన్నగారు మొలక చూపించినప్పటి నవ్వు నవ్వాను.

శనివారం సాయంత్రానికి ముప్పై ఎనిమిది. నా ఊహల్లో డాక్టరుగారు అప్పటికే నాకు దణ్ణం పెడుతున్నారు. ఆదివారం సెలవైనా వెళ్ళాను. నలభై ఏడు. వరి మండె ఇంతగా వేడెక్కితే మా నాన్నగారు పరుగున వచ్చి విప్పేసేవారు, ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా "ఇది వరి కాదుగా" అనుకున్నాను. శుక్రవారం నాడు ఇది వరే అనుకున్న మనిషిని! సోమవారం పన్నెండింటికి యాభై ఎనిమిది. గడ్డి లోంచి ఆవిరి వస్తోంది. పిన్ని ముక్కు ఎగబీల్చి, "పాపగారూ, మొలకల వాసన కాదండి ఇది. పనసపిక్కలు ఉడికిన వాసనండి" అంది. రెండు గంటలకి ఇటుకలు దింపి గడ్డి లాగి నడిమి సంచులు విప్పాను. తెలుపు అన్నది లేదు. అంతా గోధుమరంగు, వేడివేడిగా, చచ్చిపోయి ఉంది.

ఆ తరవాత నేను చేసింది చెప్పడానికి ఇప్పటికీ కలం ఆగుతుంది. సంచులు మళ్ళీ నాలుగు వరసల్లో పేర్చాను. గడ్డి ఎడ్లకి వేశాను (అవి కూడా వాసన చూసి మొహం తిప్పుకున్నాయి). నాలుగింటి అంకెలూ ఆరింటి అంకెలూ చూశాక, ఆవిరికి తడిసిందన్న నెపం మీద పాత పుస్తకం పొయ్యిలో పెట్టి, కొత్త పుస్తకం తీసి, తొంభై గళ్ళూ ముత్యాల్లాంటి అంకెలతో నింపాను. ఇరవై నాలుగు, ఇరవై అయిదు, ఇరవై నాలుగు, ఇరవై అయిదు. పిన్ని గుమ్మంలో నిలబడి చూసింది. "నేనేం చూళ్ళేదండి" అంది. కాస్త ఆగి, "అడిగితే మాత్రం చెప్పేత్తానండి. అబద్ధమాడితే నాకు ఎక్కిళ్ళొత్తాయండి" అంది.

మంగళవారం పొద్దున్నే డాక్టరుగారు వచ్చారు. చెప్పులు కూడా విప్పకుండా సంచులు విప్పారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదో దానికి ఆయనకి చేతులు రాలేదు. స్టూలు మీద కూర్చుని నా పుస్తకం అడిగి తీసుకుని, అంకెలన్నీ వేలు పెట్టి చదివారు. నన్ను అనుమానిస్తారేమోనని ఆ వేలు వంకే చూస్తున్నాను. ఆయన నన్ను అనుమానించి ఉంటే ఎంతో బాగుండేది. "ఇరవై అయిదు డిగ్రీల్లో, ఇంత చల్లగా, ఇంత సుఖంగా ఉండి కూడా చచ్చిపోయిందంటే, తప్పు నీది కాదమ్మా. దీనికే సత్తువ లేదు. నేనే ఆశపడ్డాను" అన్నారు. తరవాత కాగితం తీసుకుని పెద్ద ఆఫీసరుగారికి ఉత్తరం రాశారు. మూడేళ్ళ పని ఆరు వాక్యాల్లో. ఈ జాతి బూజు పనికిరాదని తేలింది, తమరు శ్రమపడి రానక్కరలేదు, గదులు ఖాళీ చేస్తాను అని. "నీ దస్తూరీ బాగుంటుంది. సాఫుగా ఎత్తి రాయి" అని నా చేతికిచ్చారు.

మొదటి వాక్యం రాశాను. రెండోది రాశాను. మూడో వాక్యంలో ఉంది: "మా సహాయకురాలు ఎంతో శ్రద్ధగా తీసిన అంకెల ప్రకారం". శ్రద్ధ అన్న మాటలో దకి ధ వత్తు పెట్టి ఆగిపోయాను. అంతలో చీపురు కిందపడ్డ చప్పుడు. పిన్ని నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది.

"సత్తువ లేదా అండీ? మా నాన్న దోనెని తినేసిన బూజుకి సత్తువ లేదా? గొడ్డలి తిరిగొచ్చే తాటిమానుని పప్పులా చేసిందండి అది! ఏదన్నా అనుకోండి గానీ డాక్టరుగారూ, మా కొల్లేటి సరుకుని మాట అనకండి" అని, నా వైపు తిరిగి, "పాపగారూ, నన్నడగలేదు కాబట్టి నేను చెప్పట్లేదండి" అని, ఎక్కిళ్ళు రాకుండానే బయటికి పోయింది.

నేను లేచి నిలబడ్డాను. "ఉడకబెట్టానండి" అన్నాను.

"ఏమిటి?"

"మండె కట్టానండి. వరి విత్తనాలకి కట్టినట్టు. గడ్డి కప్పి, ఇటుకలు పెట్టి. అంకెలన్నీ అబద్ధమండి. యాభై ఎనిమిది దాకా వెళ్ళిందండి."

డాక్టరుగారు అరుస్తారనుకున్నాను. ఉద్యోగం పోతుందనుకున్నాను, పెంటపాడు వెళ్ళే బస్సు కూడా కళ్ళ ముందు కదిలింది. ఆయన మాత్రం ముందుకు వంగి, "ఎన్ని ఇటుకలు?" అన్నారు.

"పదకొండండి."

"అసలు అంకెలు?"

"కాల్చేశానండి. కానీ గుర్తున్నాయండి." (నాకు అంకెలు మనుషుల మొహాల్లా గుర్తుంటాయి. మొహాలు మాత్రం ఉండవు.) గోడ వైపు తిరిగి నిలబడి, గురువారం ఎనిమిది గంటల నుంచి ఒప్పచెప్పాను. ఆయన ఇంకో పుస్తకంలో గళ్ళు గీసి రాసుకుంటూ పోయారు. సోమవారం పన్నెండు దాకా వచ్చి ఆగాను.

"రెండు గంటలవి?"

"చూడలేదండి. అప్పుడు ఏడుస్తున్నానండి."

ఆ మూడు గళ్ళూ ఆయన ఖాళీగా వదిలేశారు. నేను చిన్నగా, "ఉజ్జాయింపుగా చెప్పగలనండి" అన్నాను. "వద్దమ్మా. నిన్న ఉజ్జాయింపుగానే కదా తొంభై రాశావు" అన్నారు. నన్ను ఆయన తిట్టిన తిట్టు అదొక్కటే. నాలుగు గంటలవీ ఆరు గంటలవీ చెప్పాను. తొంభైలో ఎనభై ఏడు. ఆయన వాటి మీద వేలు నడిపిస్తూ పన్నెండో సంచి వరసలో ఆగారు. అది చివర ఉన్నది, ఇటుక లేనిది. ఎప్పుడూ నలభై మూడు దాటలేదు.

"దీన్ని విప్పావా?"

"లేదండి."

"నేనూ విప్పలేదు" అంటూ లేచారు. లేచినవారు లేచినట్టే పరుగెత్తారు, యాభై మూడేళ్ళ మనిషి, ఒక కాలికే చెప్పుతో. సంచి మూతి విప్పితే లోపల పత్తి చేనులా ఉంది. బెరడు ముక్కల సందుల్లో, పొట్టులో, కొమ్మల కొసల్లో అంతా తెల్లటి పోగులు. ఆయన ఒక ముక్క తీసి నా చేతిలో పెట్టి, "గోరు గుచ్చు" అన్నారు. నా గోరు సగం దాకా దిగింది. నెలన్నర పడుతుందనుకున్న మెత్తదనం నాలుగు రోజులకి వచ్చింది. పిన్నిని కేకేస్తే వచ్చి, తనూ గోరు గుచ్చి చూసి, "నేను ముందే చెప్పానండి" అంది. ఏం చెప్పిందో మాకెవరికీ గుర్తులేదు, అయినా ఒప్పుకున్నాం.

బుధవారం ఏడో సంచి నుంచీ పన్నెండో సంచి నుంచీ ఊట పిండి, బట్టలో వడకట్టి, రెండు గాజుగొట్టాల్లో పోశారు. మూడో దానిలో ఉత్త నీళ్ళు. మూడింట్లోనూ ఒక్కో కాగితం పట్టీ వేసి వెచ్చగా ఉంచారు. గురువారం పెద్ద ఆఫీసరుగారు వచ్చేసరికి నీళ్ళలో కాగితం నిటారుగా నిలబడి ఉంది, ఉడికిపోయిన సంచి ఊటలోనూ నిలబడి ఉంది, పన్నెండో సంచి ఊటలో మాత్రం విడివడి దూదిలా తేలుతోంది. బూజు పక్కన లేకపోయినా దాని ఊట తన పని తాను చేసుకుపోతోంది. నాకు అంతకుముందు పాఠంగా తెలిసిన ఎంజైము ఆ రోజు కంటికి కనిపించింది. ఇప్పటికీ ఆ గాజుగొట్టం తలుచుకుంటే చేతులు జోడించాలనిపిస్తుంది.

ఆఫీసరుగారు చెక్కలో గోరు గుచ్చి చూశారు, కాగితాలు చూశారు, అంకెల పుస్తకం అడిగారు. డాక్టరుగారు పొరపాటంతా దాచకుండా చెప్పారు. పదకొండు సంచులు పోయాయని, ఒకటి మిగిలిందని, ఇది కనుక్కోవడం కాదు, మాడిన గిన్నె అంచున ఉడికిన నాలుగు మెతుకులని, మళ్ళీ మళ్ళీ చేసి చూస్తే గాని నమ్మకూడదని. మండె మాట వినగానే ఆఫీసరుగారి మొహం మారింది. ఆయనదీ ముదినేపల్లి వైపు వరి ఇల్లేనట. "మండె మీద ఇటుకలేమిటండీ? మా వైపు తాటాకులేసి దుంగ పెడతాం" అని అయిదు నిమిషాలు నాతో వాదించారు. తరవాత పుస్తకం తిప్పుతూ సోమవారం దగ్గర ఆగి, ఖాళీగా ఉన్న మూడు గళ్ళ మీద వేలు పెట్టారు.

"ఇక్కడేమీ రాయలేదేం?"

నేను నేల వైపు చూశాను. గుమ్మంలో పిన్ని చీపురు ఊపడం ఆపింది. డాక్టరుగారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఆ సమయంలో చూసేవారి కళ్ళు సరిగా పనిచెయ్యలేదండి" అన్నారు.

ఆఫీసరుగారు నన్ను చూశారు, పుస్తకం మూశారు, ఆరు నెలలు గడువిచ్చారు.

ఆ ఆరు నెలల్లో ఏడుసార్లు మండె కట్టాం, ఈసారి డాక్టరుగారి అనుమతితో, నలభై మూడు రాగానే విప్పేస్తూ. అయిదుసార్లు తెల్లగా వచ్చింది, రెండుసార్లు ఉడికింది. రెండుసార్లూ ఉడికిందనే రాశాను. ఆ షెడ్డు ఇప్పుడు లేదు, డాక్టరుగారు లేరు, ఆయన చేత్తో గీసిన ఆ పుస్తకం మాత్రం నా బీరువాలో ఉంది. సోమవారం పన్నెండింటికి యాభై ఎనిమిది, నాలుగింటికి నలభై తొమ్మిది. మధ్యలో రెండింటికి ఎంత ఉండి ఉంటుందో కాగితం మీద లెక్క కట్టగలను. కట్టాను కూడా, రెండు పద్ధతుల్లో, రెండూ సరిపోయాయి. ఆ గళ్ళలో మాత్రం రాయలేదు. అక్కడ ఇరవై రెండేళ్ళ పిల్ల ఒకతి, చెవి మీద పెన్సిలుతో, గడ్డి మీద కూర్చుని ఏడుస్తోంది. ఆ పిల్లని ఇప్పుడు లేపి, పక్కకి జరుగు, లెక్క పూర్తిచెయ్యాలి అనడానికి నాకు మనసు రాదు.